నూట నలభై మూడు ఫైళ్ళ హాజరు

శనివారం బడికి సెలవు. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తొమ్మిదింటికల్లా భార్య గొంతు వినాలని మాస్టారు నిర్ణయించుకున్నారు. ఆవిడ పోయి పదకొండు నెలలు. ఆస్పత్రికి వెళ్ళే ముందు రోజు, "మీకోసం ఒకటి రికార్డు చేసి కంప్యూటర్లో పెట్టాను. తీరిగ్గా వినండి" అంది. ఇన్నాళ్ళూ ఆయనకు తీరిక ఉంది, ధైర్యం లేదు.

తీరా ధైర్యం వచ్చాక ఫైలు తెరుచుకోలేదు. అదే కాదు, ఏదీ తెరుచుకోలేదు.

తప్పు ఆయనదే. ఇంటికి మనిషి వస్తుంటే ఇల్లు ఊడ్చినట్టు, కిందటి ఆదివారం కంప్యూటర్ సర్దారు. ఆవిడ పెట్టిన పేర్లు అడ్డదిడ్డంగా ఉన్నాయి. ప్రతి పేరు చివరా ఒక చుక్క, దాని వెనక అర్థంలేని మూడు నాలుగు అక్షరాల తోక. ముప్ఫై ఏళ్ళు హాజరు పట్టీ రాసిన చెయ్యి ఊరుకోలేదు. పేర్లూ తోకలూ చెరిపేసి, ఒకటి నుంచి నూట నలభై మూడు దాకా వరస నంబర్లు ఇచ్చారు. ఇలా చేస్తే ఫైలు పనికిరాకపోవచ్చు, నిజంగా మార్చాలా అని కంప్యూటర్ ప్రతిసారీ అడిగింది. ప్రశ్న పూర్తిగా చదవమని పిల్లల్ని రోజూ మందలించే మాస్టారు, ఆ ప్రశ్న పూర్తిగా చదవకుండానే నూట నలభై మూడు సార్లు అవునన్నారు. ఏ నంబరు ఏ ఫైలుదో ఒక జాబితా కూడా టైపు చేశారు. చివర్లో దానికీ ఒక నంబరు ఇచ్చారు.

బావమరిదికి ఫోన్ చేయడం రెండో తప్పు. అతను పావుగంటలో వచ్చి, ఇంతేనా అంటూ ఆయన్ని కుర్చీలోంచి లేపాడు. దేనితో తెరవాలని కంప్యూటర్ అడిగితే చేతికి తగిలినదాన్ని నొక్కాడు. తెర నిండా డబ్బాలు, ప్రశ్నార్థకాలు, పిచ్చి గీతలు. ఎంత చెత్త జవాబుపత్రంలోనైనా అర మార్కు వెతకగల మాస్టారికి అందులో ఏమీ కనిపించలేదు. బావమరిది మాత్రం ఆ గీతల మధ్య తన పేరు టైపు చేసి సేవ్ చేశాడు.

"నా పేరు తీసుకుంది చూశారా బావగారూ? ఇంకా ప్రాణం ఉంది."

ఆ తర్వాత అన్నీ తుడిచేసి కొత్తగా మొదలుపెడదామని మౌస్ అందుకున్నాడు. మాస్టారు అతని చెయ్యి పట్టుకున్నారు. ఇరవై ఆరేళ్ళ బంధుత్వంలో అదే మొదటిసారి.

మాస్టారు ఫోన్ చేస్తే కంప్యూటర్ రిపేరు షాపతను వచ్చి సంగతంతా విన్నాడు. నవ్వలేదు. తోకలు మళ్ళీ తగిలిస్తే చాలన్నాడు. "లోపల ఎవరూ ఏమీ రాసి సేవ్ చెయ్యలేదు కదా మాస్టారూ? చేసుంటే అది మాత్రం పోయినట్టే."

బావమరిది ఫ్యాను వంక చూశాడు.

"ఏ నంబర్లో రాశావు?"

"చూసుకోలేదు బావగారూ."

మాస్టారు మంచం మీద కూలబడ్డారు. మనిషి రెండుసార్లు పోగలదని ఆయనకు అప్పటిదాకా తెలియదు.

షాపతను ముందు జాబితాను బతికించాడు. తర్వాత ఒక్కొక్కటే తోక తగిలించుకుంటూ వచ్చాడు. కరెంటు బిల్లులు వచ్చాయి, మందుల చీటీలు వచ్చాయి, ఫొటోలు వచ్చాయి. అరవై రెండు ఎంతకీ రాలేదు. జాబితాలో చూస్తే, ఆవిడ తమ్ముడి పెళ్ళి ఫొటో.

"మా దగ్గర కూడా లేదది," అని బావమరిది టీ పెట్టే నెపంతో వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

అరవై మూడు ఆవిడది. షాపతను ఇయర్‌ఫోన్లు మాస్టారి చేతికిచ్చి వరండాలోకి తప్పుకున్నాడు.

ముందు చిన్న దగ్గు. తర్వాత ఆ గొంతు.

"ఏమండీ, ఇంటి సంగతులు చెప్తాను, వినండి. కంప్యూటర్లో ఫైళ్ళు మాత్రం సర్దకండి. మీ చెయ్యి ఊరుకోదని నాకు తెలుసు. పాడైతే షాపతన్ని పిలవండి. మా తమ్ముణ్ణి దాని ముందు కూర్చోబెట్టకండి. ఇవాళ మాత్ర వేసుకున్నారా?"

"ఇంకా లేదు," అన్నారు మాస్టారు పైకే.

బావమరిది రెండు చేతుల్లో టీ కప్పులతో గుమ్మంలో నిలబడ్డాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అక్క ఏమందని అడిగాడు.

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నిన్ను ప్రత్యేకంగా తలుచుకుంది."