లకుముకి వెనక అత్తగారి గుడ్డ

సుగెంగ్‌కి ఊళ్లో వాళ్లు పెట్టిన పేరు పంజరాల పోలీసు. జావాలో పంజరం వేలాడని వసారా ఉండదు. ఈయన ఇల్లిల్లూ తిరిగి, పిట్టని పట్టకండి, ఎర వెయ్యకండి, దాని చోటు కదపకండి, ఉన్నదున్నట్టు ఫొటో తీసుకోండి అని మైకు లేకుండానే చెవులకి చిల్లులు పొడిచేవాడు. ఆ పోరు పడలేక కాంతో అనే ఆయన ప్రాణంగా పెంచుకున్న పిట్టని వదిలేశాడు కూడా.

అందుకే ఊరి సంఘం అడవి పిట్టల ఫొటోల ప్రదర్శన పెడితే, మొదటి ఫొటో సుగెంగ్‌దే అన్నారు.

పెరట్లో చేపల గుంట మీది కొమ్మకి నీలి లకుముకి రోజూ వచ్చేది. పిట్ట బంగారం. వెనకే దరిద్రం. బాతుల దడి, ఎర్ర బకెట్టు, తీగ మీద ఆయన బనియన్లు. ఎటునుంచి గురిపెట్టినా పిట్ట నెత్తికెక్కి ఓ బనియను చంక కూర్చునేది.

ఆ బనియన్లు తీసెయ్యరాదూ అంది భార్య రుమియాతి. తప్పు, ఉన్నదున్నట్టే ఉండాలన్నాడు.

"అయితే చిరుగు కూడా కనబడేట్టు తియ్యండి, మాస్," అందావిడ, అక్కడి ఆడవాళ్లు మొగుణ్ణి పిలిచే పిలుపుతో.

ఆవిడ సంతకెళ్లగానే సిద్ధాంతం గాలికెగిరింది. బీరువా అడుగున మైనంతో గీసి రంగద్దిన ముదురు గోధుమరంగు బాతిక్ గుడ్డ దొరికింది. ఫొటోలో మసకబారితే అచ్చం సాయంకాలపు అడవే. బనియన్లు పీకి అదే తీగకి కట్టాడు, కొమ్మకి జానెడు దూరంలో. పిట్ట ముక్కు నుంచి తోక దాకా తేటగా రావాలని లెన్సు కన్ను బాగా చిన్నది చేశాడు. అలా చేస్తే జానెడు వెనకున్న గుడ్డా అంతే తేటగా వస్తుంది. కెమెరాకున్న అగ్గిపెట్టెంత తెరలో అది తెలియలేదు. తెలిసినా నమ్మేవాడు కాదు. ఊరికి బుద్ధి చెప్పేవాడికి సొంత కళ్లతో పనేముంది?

లకుముకి వచ్చింది, కూర్చుంది, పోతూ పోతూ గుడ్డ మీద రెట్టవేసింది. తుడిచి, మడిచి, ఎక్కడిదక్కడ పెట్టేశాడు.

ప్రదర్శనలో ఫొటోని తలుపంత చేసి తగిలించారు. ముసుగు తీశారు. చప్పట్లు మొదలై మధ్యలో చచ్చాయి.

పిట్ట వెనక అడవి లేదు. వరసగా నల్లటి త్రికోణాలు. స్లోబోగ్ నమూనా. శవం మీద కప్పే గుడ్డ అని ఆ ఊళ్లో పసిపిల్లకైనా తెలుసు. ముందు వరస ముసలాయన ప్రార్థన అందుకున్నాడు. పక్కావిడ, పాపం ఎవరు పోయారని అడిగింది.

"నేను," అంది వెనక నుంచి అత్తగారు తుకినెమ్. "పోవాల్సింది నేను. నా కోసం దాచుకున్న గుడ్డ అది. ఇంకా వాడలేదు."

కాంతో మర్యాదగానే అడిగాడు. "ఈ అడవి ఎక్కడుందండీ?"

"మా బీరువాలో," అంది రుమియాతి.

అందరూ పగలబడి నవ్వితే బతికిపోయేవాడు. ఎవరూ నవ్వలేదు. కాంతో ఆ ఫొటో కేసి చూసి, తలొంచుకుని తన ఖాళీ వసారాకి వెళ్లిపోయాడు. సుగెంగ్‌కి ఆ వీపు చూడ్డానికి కూడా మొహం చెల్లలేదు.

ఇంట్లో అత్తగారు గుడ్డ విప్పి రెట్ట మరకని గోటితో గీకింది. "దీంతో పైకెళితే మీ మామగారు తలుపు తీస్తారా? కొత్తది నీ చేత్తోనే వెయ్యి నాయనా. తొందరేం లేదు. అయ్యేదాకా నేను పోను."

అప్పట్నుంచి సుగెంగ్ పెరట్లో మైనం కలం పట్టుకుని త్రికోణాలు గీస్తున్నాడు. వేళ్లు కాలుతున్నాయి. గీత వంకరపోతే అత్తగారు మైనం కరిగించి మళ్లీ మొదలెట్టమంటుంది. ఆయన గీతలు వంకరపోయినకొద్దీ ఆవిడ ఆరోగ్యం చక్కబడుతోంది. పంజరాల మాట ఆయన నోట మళ్లీ రాలేదు.

ఓ పొద్దున రుమియాతి ఫోను చూపించింది. కొమ్మ మీద లకుముకి. ఈకకి ఈక లెక్కపెట్టచ్చు. వెనకంతా మెత్తగా, మసగ్గా కలిసిపోయింది.

ఆయనకి కళ్లు చెమర్చాయి. చాలాసేపు చూసి, అంతా బాగుంది గానీ వెనక ఆ గూని మచ్చ ఏమిటన్నాడు.

"అది మీరే, మాస్," అంది రుమియాతి. "ఉన్నదున్నట్టు తీశాను."