పరదేశి గారి మునిమనవడు

సత్యశ్రీ వీధరుగు మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. సగం చేట అయ్యేసరికి మైకు కట్టిన ఆటో మలుపు తిరిగింది.

"నర్సీపట్నం పుర ప్రజలకు విజ్ఞప్తి. మొదటి ప్రపంచ యుద్ధంలో ప్రాణాలర్పించిన వీర సైనికుడు పరదేశి గారి స్వయానా మునిమనవడు, పేదల పెన్నిధి, శ్రీ తాతాజీ గారు తమ ముత్తాత గారి జీవిత చరిత్రను ఈ ఉదయం పది గంటలకు కనుగొనబోతున్నారు. కావున యావన్మంది విచ్చేసి..."

ఆటో వచ్చి వాళ్ళ ఇంటి ముందే ఆగింది. సత్యశ్రీ చెయ్యి చేటలోనే నిలిచిపోయింది. ఎందుకంటే పరదేశి గారు నిన్నటిదాకా వాళ్ళ మనిషి. ఆమె తండ్రి కొండబాబుకి ముత్తాత ఒకాయన ఉండేవాడు. ఆ ముత్తాతకి అన్న ఈ పరదేశి. మిలటరీకి వెళ్ళాడు, తిరిగి రాలేదు. వాళ్ళ ఇంట్లో ఆయన గురించి తెలిసింది అంతే. మిగిలింది అటక మీద ఒక ట్రంకుపెట్టెలో ఉంది.

తాతాజీ గారిని గురించి రెండు మాటలు చెప్పాలి. ఆయన మూడు పార్టీలలో పనిచేశారు, మూడింటిలోనూ మొదటి రోజు నుంచే సీనియరు. పదవుల వెంట ఆయన ఏనాడూ పడలేదు. ఆయన వస్తున్నారని తెలిసి పదవులే సందు మార్చుకునేవి. అలాంటిది ఈ నెలలో ప్రభుత్వం 'వీర సైనిక స్మృతి మండలి' అని ఒకటి పెట్టింది. చైర్మన్‌కి కారు, కారు మీద లైటు, గదిలో ఏసీ. షరతు ఒక్కటే. యుద్ధంలో చనిపోయిన సైనికుడికి నేరుగా వారసుడై ఉండాలి. ఆ షరతు పేపర్లో పడిన వారం రోజుల్లో నర్సీపట్నంలో పదకొండు మంది వీరమరణం పొందారు, అందరూ వందేళ్ళ కిందట.

తాతాజీ గారికి వీరుణ్ణి వెతకడానికి దూరం వెళ్ళే పని లేకపోయింది. ఆయన కొడుకు సూర్యప్రకాష్‌కి సత్యశ్రీని ఇచ్చే సంబంధం అప్పటికే ఖాయమైంది. ఇరవై రెండో తేదీ ఉదయం తొమ్మిది నలభైకి లగ్నం.

ఆ ఇరవై రెండో తేదీలోనే ఒక చిక్కు ఉంది. సత్యశ్రీ టీచరు పరీక్ష పాసైంది. కొయ్యూరు మండలంలో కొండ మీద ఒక ఊరి బడిలో పోస్టింగు వచ్చింది. ఇరవై రెండులోపు చేరకపోతే ఆర్డరు రద్దు. "తాతాజీ కోడలు కొండెక్కి అ ఆ లు సెప్తే కేడర్ ఏటనుకుంటాది?" అని తాతాజీ గారు ఒక్క ముక్కలో తేల్చేశారు. కొండబాబు మూడెకరాల చెరుకు రైతు. కాలవ తూము ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో తాతాజీ గారు ఫోనులో చెబుతారు. అందుచేత కొండబాబు కూడా ఆ ముక్కే మళ్ళీ కూతురికి చెప్పాడు. సత్యశ్రీ ఆర్డరు కాగితాన్ని మాత్రం పారెయ్యలేదు.

సరిగ్గా పదింటికి తాతాజీ గారు వచ్చారు. వెనకాల ఆయన పీఏ లోవరాజు, ఫోను ఎత్తి పట్టుకుని లైవ్ పెడుతూ. ట్రంకుపెట్టె దించారు. లోపల ఆయన మిలటరీ నంబరు రాసిన చిరుగు కాగితం, పరదేశి ఎవరి చేతో రాయించిన కార్డు ఉన్నాయి. 'నేను క్షేమం. ఇక్కడ చలి ఎక్కువ. తమ్ముణ్ణి బడి మానిపించవద్దు' అని మూడే మాటలు. ఆయన పోయాక సర్కారు పంపిన కంచు బిళ్ళ పెట్టెలో లేదు. అది రెండు తరాలుగా చింతపండు జాడీ మీద మూతగా ఉంటోంది. సత్యశ్రీ తల్లి అప్పలలక్ష్మి దాన్ని కొంగుతో తుడిచి తెచ్చింది. తాతాజీ గారు దాన్ని కళ్ళకద్దుకున్నారు. చింతపండు పులుపు తగిలి కన్నీళ్ళొచ్చాయి. లోవరాజు అది వదలకుండా తీశాడు.

"మావయ్యగారూ," అంది సత్యశ్రీ మెల్లగా, "ఈయన మా వైపు వారండీ."

"మీ వైపంటే మా వైపు కాదేటమ్మా కోడలా? బావగారూ, పరదేశి గారికి పెళ్ళయ్యిందా?"

"తెల్దండీ," అన్నాడు కొండబాబు. "ఎల్లినోడు రాలేదని మా తాత సెప్పీవోడు."

"తెల్దంటే అయ్యిందన్నమాట. ఆయన ఎల్లీటప్పటికి ఆవిడ కడుపుతో ఉన్నాది. పుట్టినోడే మా తాత."

"మరి మీ ఇంటిపేరు వేరు గదండీ?"

తాతాజీ గారు రెండు క్షణాలు ఆలోచించారు. ఆయన అంతసేపు ఆలోచించడం లోవరాజు అంతకుముందు చూడలేదు.

"దత్తతెల్లిపోనాం. లోవరాజూ, దత్తతకి ఓ కాయితం సూడు."

"పాతదా, కొత్తదా అండీ?"

"పాతదే. కొత్తగా సేయించు."

వంశవృక్షం గియ్యడానికి మంచి దస్తూరి కావలసి వచ్చింది. ఆ ఇంట్లో అది సత్యశ్రీకే ఉంది. తెల్ల చార్టు తెచ్చి నేల మీద పరిచింది. పైన అన్నదమ్ములిద్దరు. అన్న పరదేశి కింద గీత దింపుకుంటూ వస్తే తాతాజీ గారు, ఆయన కింద సూర్యప్రకాష్. తమ్ముడి కింద గీత దింపితే కొండబాబు, ఆయన కింద సత్యశ్రీ. ఆఖరి వరసలో రెండు పేర్లూ పక్కపక్కనే వచ్చాయి, పెదతండ్రి పిల్లలూ పినతండ్రి పిల్లలూ బడికి కలిసి బయల్దేరినట్టు. సత్యశ్రీ స్కెచ్ పెన్ను మూత పెట్టి, మళ్ళీ తీసింది.

"ఇలాగే రాసెయ్యమంటారా మావయ్యగారూ? ఓసారి చూసుకుంటారా?"

"సూసుకునీదేటి, రాసీ. బేగి రాసీ. సర్టిఫికెట్టిచ్చీ ఆఫీసరు గారు లంచికెల్లిపోతారు."

పెద్దలు చెప్పాక ఆడపిల్ల చెయ్యగలిగింది ఏముంది? సత్యశ్రీ ఎంతో శ్రద్ధగా, గుండ్రటి అక్షరాలతో రాసింది. పేర్ల కింద ఎర్ర గీత కూడా కొట్టింది.

ఆ ఆఫీసరు గారు కూడా గొప్పవారే. వందేళ్ళ వంశాన్ని పదకొండు నిమిషాల్లో విచారించి, అందులో నాలుగు నిమిషాలు టీకి పోగా, ధ్రువపత్రం ఇచ్చేశారు. పరదేశి గారి ఫోటో లేని లోటు లోవరాజు తీర్చాడు. తాతాజీ గారి ఫ్లెక్సీ ఫోటోని ఫోనులో వేసి టోపీ, మీసం, తుపాకీ తగిలించాడు. ముత్తాత పోలికలు మునిమనవడికి ఇంత బాగా రావడం ఎక్కడా చూడలేదని చూసినవాళ్ళంతా అన్నారు. తొమ్మిదో రోజున చైర్మన్ ఆర్డరు వచ్చింది.

ఆ సాయంత్రం తాతాజీ గారి మేడ మీద అభినందన సభ. కొండబాబు కుటుంబానికి ముందు వరసలో కుర్చీలు వేశారు. లోవరాజు వంశవృక్షాన్ని పది అడుగుల ఫ్లెక్సీ చేయించి, కర్రతో చూపిస్తూ పైనుంచి కిందికి చదివాడు. తాతాజీ గారి తల్లి కొండలమ్మకి ఎనభై దాటాయి. చదువు లేదు, చెవులు బాగున్నాయి. ఆవిడ లడ్డు పక్కన పెట్టి కొడుకుని పిలిచింది.

"ఒరే తాతాజీ, మీ తాతని కన్నోడు బండి తోలీవోడు గదరా. ఆయనకేటయ్యింది?"

"ఆయన్ని తీసీసినామమ్మా."

"తీసీసినారా. మరి ఇన్నేళ్ళూ తద్దినం ఎవులికెట్టినాం?"

"అమ్మా, ప్రెస్సోళ్ళున్నారు."

"ఉండనీ. ఆ కింద సదివినాడు సూడు, సూరిగాడూ ఈ సత్తిశ్రీ పిల్లానూ. ఒకడు అన్న వంశం, ఒకర్తి తమ్ముడి వంశం. అంటే అన్నా సెల్లెళ్ళు. ఆళ్ళిద్దరికీ పెళ్ళి సేత్తావేట్రా?"

మేడ మీద బ్యాండు ఆగింది. తాతాజీ గారి నోట్లో లడ్డు ఉంది. అది మింగేంత సేపే ఆయన సంకోచించారు. తర్వాత మైకు అందుకున్నారు. "ఒక పక్క కన్నకొడుకు. ఒక పక్క నన్ను కన్న వంశం. నాను వంశాన్నే ఎంచుకుంటన్నాను," అన్నారు.  మర్నాడు పేపర్లో 'వంశ గౌరవం కోసం పుత్రుని పెళ్ళి త్యాగం' అని మూడు కాలమ్‌ల వార్త వచ్చింది. చదివి కంటతడి పెట్టినవాళ్ళు ఉన్నారు. సత్యశ్రీ దాన్ని రెండుసార్లు చదివింది, మళ్ళీ మళ్ళీ చదవాలనిపించే రచన అది.

వరసలు రాత్రికి రాత్రే సర్దుకున్నాయి. కొండబాబు బావగారు కాస్తా తమ్ముడయ్యాడు. మావయ్యగారు పెదనాన్నగారయ్యారు. రోజూ పొద్దున్నే సత్యశ్రీ ఫోనుకి గులాబీ పువ్వు, 'గుడ్ మార్నింగ్ డియర్' పంపే సూర్యప్రకాష్ ఆ పొద్దున కూడా గులాబీ పంపాడు. కింద 'గుడ్ మార్నింగ్ సిస్టర్' అని ఉంది. ఎంత క్రమశిక్షణ గల కుటుంబమో.

కొండబాబు కూతురిని పిలిచి, "పెళ్ళెలాగూ లేదు. ఇరవయ్యొకటిని ఎనిమిదిగంటల బస్సుకి కొయ్యూరు తీసుకెల్తాను, బట్టలు సద్దుకో," అన్నాడు. సత్యశ్రీ అరగంటలో సర్దేసింది. అయినా ఇంకా నాలుగు రోజులుంది. సర్దిన సంచీని రోజూ ఒకసారి విప్పి, మళ్ళీ సర్దింది.

ఇరవయ్యో తేదీ సాయంత్రం ఆమె ఫోనుకి మెయిల్ వచ్చింది. ట్రంకుపెట్టె దించిన రోజే, ఆ చిరుగు కాగితం మీది నంబరు రాసి, పాతకాలపు సైనికుల రికార్డులు దాచే ఒక ఆఫీసుకి ఆమె ఉత్తరం పెట్టింది. ఎవరూ పెట్టమనలేదు. తమ్ముణ్ణి బడి మానిపించవద్దన్న మనిషి ఎవరో తెలుసుకోవాలనిపించింది, అంతే. జవాబు ఒక్క పేజీ. పేరు పరదేశి. వయసు పంతొమ్మిది. ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు. ఎడమ మోకాలి మీద మచ్చ. చేరిన పదకొండో నెలలో బస్రా ఆసుపత్రిలో జ్వరంతో మరణం. ఎవరికి తెలియజేయాలి: తల్లికి. వివాహం: కాలేదు.

పంతొమ్మిదేళ్ళ కుర్రవాడి మోకాలి మచ్చ గురించి ఆమె కాసేపు ఆలోచించింది. తర్వాత ఆఖరి ముక్క దగ్గర ఆగిపోయింది. ఆయనకి పెళ్ళి కాలేదంటే తాతాజీ గారు వాళ్ళ వంశం కాదు. వంశం కాకపోతే సూర్యప్రకాష్ అన్నయ్య కాడు. లగ్నం ఇంకా ఎల్లుండి ఉదయానిదే. ఆమె ఫోను బోర్లా పెట్టేసింది.

కానీ చైర్మన్ పదవి దక్కని మిగతా పదిమందిలో రాజాబాబు అనే ఆయన ఉన్నారు. ఆయన కూడా అదే కాగితం తెప్పించి, పట్టణంలో ఉన్న వాట్సాప్ గ్రూపులన్నిటిలోనూ పెట్టారు. ఇరవయ్యొకటి పొద్దున్న సత్యశ్రీ లేచి ఫోను చూసుకునేసరికి సూర్యప్రకాష్ గులాబీ వచ్చి ఉంది. 'గుడ్ మార్నింగ్' అని ఉంది. పక్కన సిస్టర్ లేదు.

ఏడింటికి కొండబాబు ఇస్త్రీ చొక్కా వేసుకుని, సత్యశ్రీ సంచీ పట్టుకుని బయల్దేరబోతుంటే, గుమ్మంలో కారు ఆగింది. తాతాజీ గారు, లోవరాజు, కొండలమ్మ దిగారు. కుర్చీలు వేశారు. అప్పలలక్ష్మి టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

"తమ్ముడూ, మన ముత్తాతకి పెళ్ళే కాలేదని రాజాబాబు కూస్తన్నాడు."

కొండబాబు కూతురివైపు చూశాడు. "అయితే మనం మళ్ళీ బావగార్లమా అండీ?"

సత్యశ్రీ తండ్రి చేతిలోంచి సంచీ తీసుకుంది.

"నోరు జారకు తమ్ముడూ, పోస్టు పోతాది. సర్టిఫికెట్ ఇచ్చీసినాక సరిత్ర మారకూడదు. సాయంత్రంలోగా నాను జవాబు సెప్పాల."

అందరూ జవాబు కోసం ఆలోచించారు. లోవరాజుకే తట్టింది.

"పెళ్ళి కాలేదంటే, సెయ్యొచ్చు గదండీ."

"ఎవులికి?"

"పరదేశి గారికే. రేపు తొమ్మిదీ నలభై లగ్నం కాళీగా ఉన్నాది. హాలున్నాది, బేండున్నాది, వంటోళ్ళున్నారు. పెళ్ళికొడుకొక్కడే గదండీ తప్పుకున్నాడు."

తాతాజీ గారు కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి అందులో ఒక వెలుగు ఉంది.

"దేవుడికి ఏటేటా కల్యాణం సేత్తన్నాం. దేశం కోసం పోయినోడికి ఒక్కపాలి సెయ్యలేమా?"

"మరి పిల్లలు ముందే పుట్టీసినారు గదండీ," అన్నాడు కొండబాబు.

"ఫైల్లో కాయితాలు వెనకా ముందూ అవ్వవేటి తమ్ముడూ? ఇదీ అంతే. మంత్రిగారిని పిలుత్తాను. తాళి ఆయనే అందిస్తారు."

"పెళ్ళికూతురెవులురా?" అంది కొండలమ్మ. "ఫొటో పక్కన ఫొటో ఎట్టీస్తే జనం నవ్వుతారు. ఒక పక్కనైనా మనిసుండాల."

లోవరాజు సంచీలోంచి శుభలేఖ తీశాడు. "పదిహేనొందల కార్డులండీ. పెళ్ళికూతురి పేరు సత్యశ్రీ అని అచ్చయిపోనాది. పెళ్ళికొడుకు పేరు మీద స్టిక్కరంటించీస్తే సాలు."

 తాతాజీ గారు లేచి వచ్చి సత్యశ్రీ నెత్తిన చెయ్యి పెట్టారు.

"అమ్మా, నాకు కోడలవ్వాల్సినదానివి. కూతురివయ్యావు. రేపట్నుంచి ముత్తవ్వవి. వారం తిరక్కండా ఇంత ప్రమోషను ఏ ఆడపిల్లకొచ్చిందో సెప్పు."

సత్యశ్రీ తండ్రివైపు చూసింది. కొండబాబు చొక్కా గుండీ సరిచేసుకుంటూ, గుండీతోనే అన్నాడు.

"ఒక్క పూటే గదమ్మా. కొయ్యూరు ఎక్కడికీ పోదు. సెరుకు ఎండిపోతంది."

అక్కడి నుంచి పనులు చకచకా సాగాయి. కన్యాదానం కొండబాబుది. మగపెళ్ళివారు తాతాజీ గారు, పెళ్ళికొడుక్కి మునిమనవడి హోదాలో. అలకపాన్పు మీద కారు అడగాలా, మోటారుసైకిలు చాలా అన్నది కాసేపు తేలలేదు.

"ఫొటో నడుం దాకే ఉన్నాది," అంది కొండలమ్మ. "కాళ్ళు కడగొద్దేటి?"

"లోవరాజూ, కాళ్ళు గియ్యించు."

"బూట్లతోనా అండీ?"

"బూట్లొద్దు. బూట్ల మీద నీళ్ళోస్తే మిలటరీని అవమానించినట్టు."

సత్యశ్రీ సంచీ భుజానికి తగిలించుకుంది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంది. లోవరాజు కుర్చీ దారికి అడ్డంగా ఉంటే, కాళ్ళ సైజు గురించి మాట్లాడుతూనే అతను కుర్చీ పక్కకి జరుపుకున్నాడు. టీ గ్లాసులతో వస్తున్న అప్పలలక్ష్మి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ లోపలికి తిరిగిపోయింది. సత్యశ్రీ మెట్లు దిగింది. కారు చుట్టూ తిరిగి వెళ్ళి, గేటు తీసి, బయటికి వచ్చాక చప్పుడు లేకుండా మళ్ళీ వేసి, బస్టాండు వైపు నడిచింది.