పౌలురాజు బేసు పెట్టె

పాటలో బేసు చెవికి వినిపిస్తే చాలదు, కడుపులో కదలాలంటాడు మా పౌలురాజు. ఈ జ్ఞానం అతనికి పుట్టుకతో వచ్చింది కాదు. ఎదుటి బ్లాకు భల్లాగారు కొత్త కారు కొని, దాని వెనక పెద్ద స్పీకరు బిగించుకుని, ఒక ఆదివారం మా ముందు నుంచి పోతే వచ్చింది. కారు మలుపు తిరిగి మాయమైనా మా కిటికీ అద్దాలు ఇంకా వణుకుతూనే ఉన్నాయి.

"భీమశంకరం! విన్నావా?" అన్నాడు గుండె మీద చెయ్యి వేసుకుని.

"విన్నాను. చెవులు కూడా మూసుకున్నాను."

"చెవులతో కాదయ్యా, ఇదిగో, ఇక్కడ వినాలి! నా కారులో కూడా అలా మోగాల్సిందే!"

అది తొంభై ఎనిమిది. ఢిల్లీ శివార్లలో ఉన్న ద్వారకను చాలామంది ఇంకా పాపన్‌కలాన్ అనే పిలిచేవాళ్లు. మా సొసైటీలో సగం ఫ్లాట్లు ఖాళీ. బస్సు వచ్చిందంటే పండగే. అందుకని పౌలురాజు ఒక పాత మారుతి కొన్నాడు. రోజూ భార్య సరళకుమారిని ఆసుపత్రి దగ్గర దింపేవాడు. ఆమె స్టాఫ్ నర్సు. తరవాత పక్క ఫ్లాటువాణ్ణీ, ఒకే ఆఫీసువాణ్ణీ కాబట్టి నన్ను నెహ్రూప్లేస్ తీసుకెళ్లేవాడు. కారులో క్యాసెట్ ప్లేయరు ఉండేది కానీ, అందులో ఎంత గొప్ప గాయకుడు పాడినా జలుబు చేసి పాడినట్టుండేది.

మర్నాడే కారులో కదిపాడు విషయం.

"సరళా, మన కారుకి బేసు లేదు."

"అయ్యో! బేసు లేని ఇల్లు కొన్నవాళ్లను చూశాను కానీ, బేసు లేని కారు కొన్నది మీరేనండీ."

"ఆ పునాది బేసు కాదే. పాటలో బేసు. దానికి వూఫర్ కావాలి."

"ఊపర్ ఏం పెడతారు? కారు పైన లగేజీ క్యారియరా?"

"ఊపర్ కాదు, వూఫర్! అది వెనకాల, కింద పెడతారు."

"కింద పెట్టేదానికి ఊపర్ అని పేరు పెట్టినవాడికీ, అది కొంటానన్నవాడికీ ముందు బీపీ చూడాలి. అన్నయ్యగారూ, మీరైనా చెప్పండి."

అన్నయ్యగారు అంటే నేను. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

"సరే, డ్యూటీకి టైమైంది, పోనివ్వండి" అందావిడ. ఆ 'పోనివ్వండి'ని పౌలురాజు అనుమతి కింద జమకట్టుకున్నాడు.

ఆ శనివారం ఎర్రకోట ఎదుట ఉన్న ఎలక్ట్రానిక్ సామాన్ల బజారుకి నన్ను లాక్కెళ్లాడు. అక్కడ పాత స్పీకర్లు వంకాయల్లా కుప్పలు పోసి అమ్ముతున్నారు. ఆ కుప్పలోంచి పళ్లెమంత వూఫర్ ఒకటి బయటికి లాగి, దుకాణదారు దుమ్ము ఊదాడు.

"భాయ్‌సాబ్, ఇసే బజాయేంగే తో ఇమారత్ హిల్ జాయేగీ!" అన్నాడు. భవనాలు కదిలిపోతాయట!

పౌలురాజు కళ్లలో నీళ్లు తిరిగాయి. వాణ్ణి కౌగిలించుకుంటాడేమోనని నేను మధ్యలో నిలబడ్డాను. వూఫరూ, మూల పగిలిన ఒక పాత యాంప్లిఫయరూ చేతికొచ్చేసరికి అతని జేబు ఖాళీ. ఇంక ఒక్కటే మిగిలింది. వూఫరుని బిగించడానికి చెక్క పెట్టె. అది లేకపోతే ఎంత పెద్ద వూఫరైనా రేకు డబ్బాలా మోగుతుందట.

"మందపాటి ప్లైవుడ్డు కావాలి. గట్టిది" అన్నాడు ఇంటికొస్తూ.

"కొనడానికి డబ్బుల్లేవుగా?"

"కొనకూడదు. దొరకాలి" అన్నాడు గంభీరంగా.

దొరికింది. వాళ్ల ముందుగదిలో దీవాన్ ఉంది. కింద సామాను పెట్టుకునే పెట్టె, పైన చెక్క మూత, ఆ మూత మీద పరుపు. సరళకుమారి డ్యూటీలో ఉన్న పూట పౌలురాజు పరుపు ఎత్తి, మూత చెక్క ఊడదీసి, దాని బదులు ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె విప్పి పరిచాడు. మళ్లీ పరుపు వేసి, దుప్పటి ముడత లేకుండా సర్ది, రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు.

"ఎవరైనా కూర్చుంటే?" అన్నాను.

"ఎవరు కూర్చుంటారయ్యా? మా ఇంటికి ఎవరొచ్చినా కుర్చీలోనే కూర్చుంటారు. నువ్వూ అంతేగా?"

నేను ఆ రోజు నుంచీ కచ్చితంగా కుర్చీలోనే కూర్చున్నాను.

మా ఆవిడ ఊళ్లో లేదు కాబట్టి కోత అంతా మా బాల్కనీలో. నేను చెక్క పట్టుకోవడం, అతను రంపం లాగడం. నాలుగు పలకలూ నాలుగు కొలతల్లో వచ్చాయి. సందుల్లో ఫెవికాల్ పోశాం. పెట్టె లోపల దూది కూరితే శబ్దం ఇంకా గుండ్రంగా వస్తుందని ఎవరో చెప్పారట. పౌలురాజు వాళ్ల అత్తగారి కోసం దాచిన దిండు సగానికి సగం చిక్కిపోయింది. మొత్తానికి పెట్టె తయారైంది. చూడ్డానికి కోళ్లగూడులా ఉంది. పౌలురాజు మాత్రం దాన్ని పురిటిబిడ్డలా రెండు చేతులా ఎత్తుకుని కారు దగ్గరికి తీసుకెళ్లాడు.

సొసైటీ వెనక ఖాళీ మైదానంలో కారు ఆపి, క్యాసెట్ పెట్టి, బేసు మీట పూర్తిగా తిప్పాడు.

దుమ్! దుమ్! దుమ్!

నంబరు ప్లేటు గలగలమంది. డాష్‌బోర్డు అర దానంతటదే తెరుచుకుని కాగితాలు నా ఒళ్లో పడ్డాయి. మైదానంలో ఎండ కాచుకుంటున్న కుక్కలు లేచి నజఫ్‌గఢ్ వైపు పరుగెత్తాయి. వెనక వచ్చేవాటిని చూసే అద్దం కదిలి కదిలి పౌలురాజు మొహం వైపు తిరిగింది. అంత సంతోషంగా ఉన్న తన మొహాన్ని అతను ఎప్పుడూ చూసుకోలేదనుకుంటాను.

"కడుపులో కదిలిందా?" అని అరిచాడు.

"పొద్దున తిన్న ఉప్మాతో సహా!" అని అరిచాను.

ఆ ఆనందంలో ఇద్దరం సీట్లలోనే గంతులేశాం.

మర్నాడు కారెక్కుతూ సరళకుమారి వెనక దుప్పటి కప్పిన పెట్టెను చూసింది. రోగి ఛాతీ పరీక్షించినట్టు వేలి కణుపుతో రెండుసార్లు తట్టింది.

"ఏంటండీ ఇది?"

"అదా... రిపేరు సామాను. కారన్నాక ఉండాలి కదా."

"అచ్ఛా" అంది.

పౌలురాజు నావైపు చూసి కన్నుకొట్టాడు. నాకు మాత్రం ఆ అచ్ఛా నచ్చలేదు.

శనివారం మేం ఇల్లు చేరేసరికి వాళ్ల గుమ్మం ముందు బోలెడు చెప్పులు. పౌలురాజు మొహం పాలిపోయింది. వారం వారం ఒక్కో ఇంట్లో జరిగే ప్రార్థన కూడిక ఆ వారం వీళ్లింట్లో పెట్టింది సరళకుమారి. జనం నేలమీద జంపఖానాల మీద కూర్చున్నారు. ఉన్న కుర్చీలన్నీ ముసలివాళ్లకు ఇచ్చేశారు. సంఘానికి పెద్దయిన పాస్టరు లెవిగారు నిలబడి ఉన్నారు. మంచి మనిషి, భారీ మనిషి.

"పాస్టరుగారూ, మీరు దీవాన్ మీద కూర్చోండి" అంది సరళకుమారి.

"వద్దు!" అని కేక పెట్టాడు పౌలురాజు. అందరూ తిరిగి చూశారు. "అంటే... అందులో నల్లులు ఉన్నాయండీ."

"మా ఇంట్లో నల్లులా?" అంది సరళకుమారి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల భర్త ఇంకా పుట్టలేదు.

"దేవుడి బిడ్డకు నల్లులేం చేస్తాయిలే నాయనా" అంటూ పాస్టరుగారు కూర్చున్నారు. అట్ట పెళపెళమంది కానీ ఆగింది. అందరూ కళ్లు మూసుకున్నారు. ప్రార్థన మొదలైంది.

ఆ గదిలో కళ్లు తెరిచి ఉన్నది మేమిద్దరమే అనుకున్నాను. ప్రార్థన సాగేకొద్దీ పాస్టరుగారు కిందికి దిగుతున్నారు. దేశం కోసం ప్రార్థించేటప్పటికి నడుము మునిగింది. రోగుల కోసం ప్రార్థించేటప్పటికి మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి. అయినా ఆయన ఆపలేదు. అంతలో పౌలురాజు కూతురు, ఏడేళ్ల అనుగ్రహ, కీచుగొంతుతో అరిచింది.

"పాపా! అంకుల్ డూబ్ రహే హైఁ!" అంకుల్ మునిగిపోతున్నారట!

ఆమెన్ అనే లోపల పాస్టరుగారు కనబడకుండా పోయారు. రెండు పాదాలు మాత్రం పైన మిగిలాయి.

నలుగురం కలిసి బయటికి లాగాం. ఆయనకు చిన్న గీత కూడా పడలేదు. లోపల పెట్టెనిండా మెత్తగా పరిచిన రజాయిలు. డిసెంబరు చలిలో కప్పుకోవాల్సిన రజాయిలు దీవాన్‌లో ఏం చేస్తున్నాయో నాకు అప్పుడు వెలిగింది. సరళకుమారి వైపు చూశాను. ఆవిడ తాపీగా అట్ట ముక్కను చేతిలోకి తీసుకుంది.

"క్షమించండి పాస్టరుగారూ. ఇంక దాచి లాభం లేదు. క్రిస్మస్ దాకా ఎవరికీ చెప్పొద్దన్నారు మా ఆయన. మందిరంలో పాడే మన క్వయర్‌లో అందరం ఆడవాళ్లమే, కింది స్వరం పలికేవాళ్లు లేరని ఈయనకు ఎంత బాధో! అందుకే పరుపు కింద చెక్క తీసి, తన చేతులతో మన మందిరానికి బేసు పెట్టె చేశారు. ఇవ్వడానికి మొహమాటపడి కారులో పెట్టుకు తిరుగుతున్నారు."

పౌలురాజు నోరు తెరిచాడు.

"పౌలురాజూ!" అని పాస్టరుగారు అతన్ని గట్టిగా వాటేసుకున్నారు. "పడుకునే మంచం చెక్క కూడా ఇచ్చావా నాయనా!" గది నిండా చప్పట్లు. ఒక పెద్దావిడ ఏడ్చేసింది. అప్పటికప్పుడు అందరూ కిందికి దిగి, బేసు విని, పెట్టెకు ప్రార్థన కూడా చేశారు.

జనం వెళ్లాక పౌలురాజు కుర్చీలో కూలబడ్డాడు.

"ఎప్పుడు తెలిసింది సరళా?"

"రజాయిలు తీద్దామని పరుపెత్తిన రోజే."

"మరి నన్ను అడగొచ్చుగా?"

"అడిగితే రిపేరు సామానన్నారుగా. ఎవరు కూర్చున్నా దెబ్బ తగలకుండా రజాయిలు మళ్లీ పరిచాను. పాపం, నాలుగు రోజులుగా శాలువలు కప్పుకునే పడుకున్నాం. మీకు అనుమానమే రాలేదు."

నిజమే. బేసు ధ్యాసలో అతనికి చలి కూడా తెలియలేదు.

క్రిస్మస్ నాడు నేనూ మందిరానికి వెళ్లాను. అద్దెకు తీసుకున్న రేకుల షెడ్డు అది. వేదిక పక్కన తెల్లని గుడ్డ కప్పిన పెట్టె. దాని వెనక, ఇస్త్రీ చొక్కాతో పౌలురాజు. సౌండు బాధ్యత అతనికే అప్పగించారు, ప్రతి ఆదివారం. క్వయర్ లేచింది, కీబోర్డు మొదలైంది. పౌలురాజు మెరిసే కళ్లతో నావైపు చూసి, మీట ఒక్కసారిగా తిప్పాడు.

దుమ్మని షెడ్డు రేకులన్నీ మోగాయి. ముందువరసలో పిల్లలు ఆనందంతో కేకలు వేశారు. క్వయర్ మధ్యలో నిలబడ్డ సరళకుమారి పాట ఆపలేదు, తల తిప్పలేదు. అరచెయ్యి మాత్రం కొంచెం కిందికి దించింది.

పౌలురాజు మీట కొంచెం తగ్గించాడు.

చెయ్యి ఇంకొంచెం దిగింది.

మీట కూడా దిగింది.