రోదాంథీ పిన్ని ముప్పై ఏడు బోర్డులు

పర్వత నడకదారుల విభాగం వారి ఉత్తర్వు ప్రకారం మా ఊరి రోదాంథీ పిన్ని మేకలు ముప్పై ఏడూ మొన్న మే నెల నుంచి మేకలు కావు; దారి చూపే బోర్డులు. ఉత్తర్వు నకలు కాఫీ దుకాణం గోడకు అతికించి ఉంది. దాని మీద గ్రామాధ్యక్షుడి సంతకం, గుండ్రటి ముద్ర, కాఫీ కప్పు అడుగు మరక ఉన్నాయి. మూడూ అసలైనవే.

ఇంత ముందుచూపు గల నిర్ణయం ఒక్కరోజులో జరిగింది కాదు. క్రీట్ దీవిలో కొండ మీది ఊళ్లన్నిటికీ నడకదారులు వచ్చేశాయి. లోయకు అవతలి ఊరికి కూడా వచ్చింది. ఆ ఊళ్లో చూడదగ్గది అక్కడి నుంచి కనబడే మా ఊరు తప్ప మరేమీ లేదు. మాకు మాత్రం చారిత్రక కట్టడాలే మూడున్నాయి: వెనిస్ వాళ్లు చెక్కించిన నీటి తొట్టి, టర్కీ వాళ్లు కట్టిన బురుజు, ఎవరు తవ్వారో తెలియని రాతి బావి. రోజూ వాటిని దాటుకుంటూ పోతాం కనుక మాలో ఎవరమూ వాటిని చూసి ఎరగం. నీటి తొట్టి ముందు అధ్యక్షుడు వార్దిస్ తన వ్యాను నిలుపుకుంటాడు. నీడగా ఉంటుంది.

నడకదారికి గుర్తులు ఏ రంగులో వేయాలన్న విషయమై పదకొండు మంది పెద్దలు మూడుసార్లు సమావేశమయ్యారు. ఎరుపు ఒక పార్టీది. ఆకుపచ్చ ఇంకో పార్టీది. పసుపు లోయకు అవతలి వాళ్లది, అది వేసుకోవడం కన్నా లోయలో దూకడం గౌరవం. మిగిలింది నీలం. మా కొండల్లో ఒక్కో ఇంటి మందకు ఒక్కో రంగు ఉంటుంది. కలిసి మేసే మేకల్లో ఏవి ఎవరివో తెలియడానికి తుంటి మీద రంగు పూస్తారు. పిన్ని అత్తగారి కాలం నుంచీ నీలం పిన్ని ఇంటిది. ఈ సంగతి పదకొండు మందికీ తెలుసు. కానీ ఎజెండాలో రంగు ఉంది గానీ మేక లేదు. ఎజెండాలో లేని మేక గురించి మాట్లాడటం సభామర్యాద కాదని అందరూ ఊరుకున్నారు.

గుర్తులు వేయించడానికి పట్నం నుంచి ఇంజనీరు పోలిక్రోనిస్ వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, చాలా మర్యాదస్తుడు, కొండ ఎక్కేటప్పుడు కూడా ఇస్త్రీ చొక్కా నలగనివ్వడు. నిబంధనల ప్రకారం ఒక్కో గుర్తు అరచేయంత వెడల్పుండాలి, నేల నుంచి డెబ్భై సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. పిన్ని మేకల తుంటి కూడా సరిగ్గా అంతే ఎత్తు. నిబంధనలు రాసినవారెవరో నేల మీద నిలబడే రాశారని ఒప్పుకోవాలి.

మొదట వచ్చినవారు డెన్మార్క్ దంపతులు. ఇద్దరూ పదవీ విరమణ చేసిన దంతవైద్యులు. నేను డాబా మీద దుప్పట్లు ఆరేస్తుంటే పిన్ని కింద నుంచి కేకేసింది.

"ఏమే, నా మేకల వెనకాల ఎవరే వాళ్లు? దొంగలా?"

"పళ్ల డాక్టర్లట పిన్నీ. కాఫీ దుకాణంలో చెప్పారు."

"మేకల పళ్లు చూడటానికి ఇంత దూరం వచ్చారా? పాపం, వాళ్ల దేశంలో మేకలు లేవు కాబోలు."

ఆ దంపతులు రాళ్ల మీది నీలి గుర్తులు పట్టుకుని నడుస్తూ, ఒక మలుపు దగ్గర ఎదురైన నీలి తుంటిని కూడా గుర్తే అనుకున్నారు. గుర్తు ముందుకు కదిలింది. వాళ్లూ కదిలారు. ఆరు గంటలు నడిచారు. మేకలు ఆగి పొదలు కొరికినప్పుడు వాళ్లూ ఆగి పుస్తకం తీసి ఆ చోటి చరిత్ర చదువుకున్నారు. చివరకు మేకలు నీళ్లు తాగే చోటికి చేరారు. అక్కడున్నది పిన్ని స్నానాలగది బాగుచేయించుకున్నప్పుడు పీకించి పడేసిన పింగాణీ పూత తొట్టి. వాళ్లు పుస్తకంలో వెనిస్ వాళ్ల నీటి తొట్టి గురించి రాసిన పేజీ తీసి, ఒకరికొకరు చదివి వినిపించుకుని, నీళ్లు పోయే కన్నాన్ని వేలితో నిమిరి చూశారు. భార్య కళ్లు తుడుచుకుంది. గతం అంటే కొందరికి అంత ఇది.

వాళ్లు తమ దేశానికి తిరిగి వెళ్లి ఏం రాశారో గానీ, నెల తిరిగేసరికి పిన్ని మేకల వెనక రోజుకు నలభై మంది. పోలిక్రోనిస్ అభిప్రాయసేకరణ జరిపాడు. మేకల దారిలో నడిచినవారిలో నూటికి తొంభై నాలుగు మంది పరమానందం ప్రకటించారు. అసలు దారిలో మొత్తం ముగ్గురు నడిచారు. వారిలో ఇద్దరు దారి తప్పి వచ్చినవారు, మూడోవాడు వ్యాను కోసం వచ్చిన వార్దిస్.

ఇలాంటప్పుడు తెలివితక్కువ ప్రభుత్వమైతే మేకల రంగు కడిగించేది. మాది అలాంటిది కాదు. అసలు దారిని రద్దు చేసి, స్నానాల తొట్టి చుట్టూ కంచె వేసి, మేకలను 'కదిలే మార్గసూచికలు'గా గుర్తించింది. చెవులకు నంబర్లు వేశారు. పిన్నికి ఒక ప్రశంసాపత్రం, వీపు మీద విభాగం పేరు రాసిన కోటు ఇచ్చారు. కోటును తొమ్మిదో నంబరు మేక తినేసింది. నియమావళి కూడా ఇచ్చారు. బోర్డులు చెక్క బోర్డులను తినరాదు. బోర్డులు ఉదయం పదకొండు గంటలకు బురుజు దగ్గర ఉండి, ఫొటోలు పూర్తయ్యే దాకా కదలరాదు. కొత్తగా పుట్టబోయే బోర్డులకు తల్లి బోర్డు తరపున ముందస్తు అనుమతి పొందాలి. బోర్డులను అమ్మడం, తొలగించడం, వండటం శిక్షార్హం.

పిన్ని వీటన్నిటికీ నవ్వుతూ సంతకం పెట్టింది. చివరి వాక్యం దగ్గర నవ్వు ఆగింది.

ఎందుకంటే సెప్టెంబరులో పిన్ని మనవరాలు గరిఫలియా పెళ్లి. పన్నెండు వందల మంది అతిథులు. మా వైపు దాన్ని దగ్గరివాళ్లను మాత్రమే పిలిచిన పెళ్లి అంటారు. పెళ్లి పులావు మాంసం ఉడికించిన నీళ్లలో వండాలి, అందులో ఆడపెళ్లివారి వంతు మాంసం అమ్మమ్మ మందలోంచి రావాలి. పిన్ని పెళ్లి పులావు వాళ్ల అమ్మమ్మ మందది, పిన్ని కూతురి పెళ్లి పులావు పిన్ని తల్లి మందది. నిశ్చితార్థం నాటి నుంచి పన్నెండు మేకపోతులను పిన్ని విడిగా మేపుతోంది. వాటికి ఇరవై ఆరు నుంచి ముప్పై ఏడు దాకా నంబర్లు వేసి ఉన్నాయి. మగపెళ్లివారు లోయకు అవతలి ఊరివాళ్లు. తమ గొర్రెలను అప్పుడే లెక్కపెట్టి ఊరంతా చెప్పుకుంటున్నారు.

పిన్ని కళ్లజోడు కోటు జేబుతో సహా తొమ్మిదో నంబరు మేక కడుపులోనే ఉంది కనుక, కాగితాలు చదివి పెట్టడానికి నన్ను వెంటబెట్టుకుని పంచాయతీ కార్యాలయానికి వెళ్లింది.

"పిన్నీ, నా బాధ అర్థం చేసుకో," అన్నాడు పోలిక్రోనిస్. "మేకను కోస్తానంటే నాదేం పోయింది? బోర్డును ఉడకబెడతానంటే నేనెలా సంతకం పెట్టను?"

"బోర్డుకు ఆకలేస్తే మేత వేసింది ఎవరు నాయనా? నీ విభాగమా?"

వార్దిస్ గొంతు సవరించుకున్నాడు. "అత్తా, ఊరి ప్రతిష్ఠ కోసం త్యాగాలు తప్పవు. పట్నంలో పెద్ద అంగడి ఉంది. గడ్డకట్టించిన మాంసం పెట్టెలకు పెట్టెలు. చూడ్డానికి ఎంత శుభ్రంగా ఉంటుందో."

పిన్ని అతని వైపు తిరిగింది. "ఒరే వార్దీ, నీ పెళ్లిలో నువ్వు మూడుసార్లు వడ్డించుకుని, నాలుగోసారి నీ పెళ్లాం ప్లేటులోంచి తిన్నావే, అది ఏ అంగడి పెట్టెలోది రా?"

"అప్పుడవి మేకలు, అత్తా," అన్నాడు వార్దిస్ నీరసంగా.

"నా మనవరాలి పెళ్లిలో అవతలి ఊరివాళ్లు మూతి తుడుచుకుంటూ, ఆడపెళ్లివారి వంతు ఏదండీ అని అడుగుతారు. నేనేం చెప్పను? మా మేకలు ఉద్యోగంలో ఉన్నాయి, సెలవు దొరకలేదని చెప్పనా?"

పిన్ని కళ్లలో నీళ్లు తిరిగాయి. పెనిమిటి పోయిన రోజున కూడా మందను మేపుకొచ్చాకే ఏడ్చిన మనిషి ఆమె. పోలిక్రోనిస్ మంచివాడు కనుక, ఏదైనా దారి దొరుకుతుందేమోనని బోర్డుల రిజిస్టరు తీసి నా ముందు పెట్టాడు.

నేను మొదటి పేజీ నుంచి చదివాను. గత పదేళ్లలో మా కొండల్లో నాటిన బోర్డులు రెండు వందల పద్నాలుగు. అందులో కొట్టివేసినవి రెండు వందల తొమ్మిది. కారణం గడిలో అన్నిటికీ ఒకటే మాట: తుపాకీ గుళ్లు. కాల్చినవారి గడిలో కూడా ఒకటే మాట: తెలియదు. మా కొండల్లో ఎవరి దగ్గరా తుపాకీ లేదు. ఇది పోలీసుల రికార్డు, దీన్ని శంకించకూడదు. కింద నిబంధన ఉంది: గుండు తగిలిన బోర్డు ప్రజాభద్రతకు ముప్పు కనుక, విచారణతో పని లేకుండా ఇరవై నాలుగు గంటల్లో ఆ చోటి నుంచి తొలగించవలెను.

"ఎక్కడికి తొలగించాలో రాసుందా?" అంది పిన్ని.

"రాయలేదు పిన్నీ. తగిన చోటికి అని ఉంది."

పోలిక్రోనిస్ ఇస్త్రీ చొక్కా మొదటిసారి చెమటకు తడిసింది. అతను కిటికీలోంచి బయటకు చూస్తూ, వాతావరణం గురించి ఏదో అన్నాడు. వార్దిస్ ఆ వాతావరణం గురించే మరో మాటన్నాడు.

పెళ్లికి రెండు రోజుల ముందు, గురువారం పొద్దున్న, కొండ వైపు నుంచి పన్నెండు చప్పుళ్లు వినిపించాయి. కాఫీ దుకాణంలో పేకాడుతున్న వాళ్లంతా ముక్కల్లోకి తలలు దించారు. ఉరుమనుకున్నామని తరవాత అందరూ వాంగ్మూలమిచ్చారు. ఆకాశంలో ఆ రోజు మబ్బు తునక లేదు. ఇరవై ఆరు నుంచి ముప్పై ఏడు దాకా నంబర్లు గల బోర్డులను గుర్తు తెలియని వ్యక్తులు ధ్వంసం చేసినట్లు పోలిక్రోనిస్ నివేదిక రాశాడు. ప్రజాభద్రత దృష్ట్యా వాటిని పెద్ద రాగి కళాయిలున్న చోటికి తరలించారు.

పెళ్లి చక్కగా జరిగింది. మగపెళ్లివారు ఆడపెళ్లివారి వంతు రెండోసారి అడిగి వడ్డించుకున్నారు. పిన్ని నడుము మీద చేతులు వేసుకుని వాళ్లు తింటుంటే చూసింది. డెన్మార్క్ దంపతులు మళ్లీ వచ్చారు. తమకు బాగా నచ్చిన బోర్డు నంబరు ముప్పై ఒకటి ఎక్కడుందని అడిగితే, ఎవరో వాళ్లకు కుర్చీలు వేసి ప్లేట్లు అందించారు.

వార్దిస్ లేచి గ్లాసు పట్టుకుని ప్రసంగించాడు. "మన వారసత్వానికి గుర్తులైన బోర్డుల మీద జరిగిన ఈ పిరికి దాడిని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. దోషులు ఎంతటివారైనా వదలం. నిజం నిగ్గు తేల్చడానికి ముగ్గురితో సంఘం వేస్తున్నాను." ఆ ముగ్గురూ అక్కడే ఉన్నారు. లేచి నిలబడి నమస్కరించి, చేతిలోని ఎముకలు ప్లేటులో పెట్టి, ప్లేట్లు మళ్లీ ముందుకు జరిపారు.

సంగతి రాజధాని దాకా వెళ్లింది. అక్కడి నుంచి ఒక పెద్ద అధికారి వచ్చి నెల రోజులు మా ఊళ్లో మకాం వేశాడు. అతనికి కావలసింది ఒకే ఒక సాక్షి. చట్టం ప్రకారం ఆ సాక్షి బోర్డులలో ఏ భాగాన్నీ తిని ఉండకూడదు. ఊరంతా వెతికారు. అవతలి ఊరు వెతికారు. పెళ్లి జరిపించిన ఫాదరు గారు ఉపవాసమన్నారు గానీ, పులావు మాత్రం తిన్నానని, అది బియ్యమేనని వివరణ ఇచ్చారు. తిన్నవాళ్లంతా నేరాన్ని తీవ్రంగా ఖండించారు కూడా. ఒక్కరూ వెనకాడలేదు.

తినని మనిషి కావాలని ఇప్పుడు పత్రికల్లో ప్రకటన వేశారు. మీరు ఆ పెళ్లికి రాలేదు కనుక మీ పేరు పంపుదామని ఇదంతా మొదటి నుంచీ చెప్పుకొచ్చాను. కానీ పన్నెండు బోర్డులు కూలిన దగ్గర మీరు అయ్యో అనలేదు. కళాయిల దగ్గరికి వచ్చేసరికి మాత్రం, ముక్క మెత్తగా ఉడికిందా లేదా నేను చెప్పలేదే అనుకున్నారు. ఉడికింది. మీ పేరు పంపడం లేదు.