తిరుత్తణి మిద్దెపై ఇత్తడిమూత సమరం

సిద్ధార్థి నామ సంవత్సరమున, మాఘ బహుళ అమావాస్యా శనివారమున, షణ్ముఖ పాదపరాగ పావనమైన తిరుత్తణి కొండకు దిగువన, నూనెవర్తకుల వీధిలో, చండమార్తాండుని రాహువు కబళింపనున్న అపరాహ్ణవేళ, మేనత్త వాసవాంబ ఇంటి మిద్దెపై విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర శాఖా పరిశోధక శిఖామణి జయరామ మోకాళ్లపై కూర్చుండి ఒక ఇత్తడి మూతతో ఘోరసంగ్రామము సల్పుచుండెను.

ఆ మూత దూరదర్శినిది. ఆచార్య రత్నస్వామి మహాయంత్రములతో సంపూర్ణ గ్రహణము కానవచ్చు ఉత్తరసీమకు తరలుచు, శాఖలో మిగిలిన ఆ చిన్న యంత్రమును శిష్యుని చేతికిచ్చి, "పాక్షికమైనా గ్రహణం గ్రహణమేనయ్యా. ముదిరినప్పుడు బింబం గీసుకొని రా" అని ఆనతిచ్చెను. అన్నాళ్లు అద్దముల దుమ్ము తుడుచుటయే గాని ఒక్క పరిశీలనకును నోచుకొనని జయరామకు అది ప్రథమ దిగ్విజయయాత్ర. అయ్యో, మదరాసు నుండి వచ్చు రైలులో, తిరువళ్లూరున ఉప్పెనవలె ఎక్కిన జనసమ్మర్దమున, ఎవరిదో బియ్యపుమూట మీదపడి మూత అంచు సొట్టపోయి బిగుసుకొనెను.

తిప్పెను, కదలలేదు. తువాలు చుట్టి తిప్పెను, జారెను. కొబ్బరినూనె పూసెను, మూత మరింత మెరిసెను. అంతలో ఎండ పసుపుబారెను.

"ఓరి లోహాధమా, తొమ్మిది కోట్ల మైళ్లు దాటివచ్చిన కిరణమును వ్రేలెడు దూరమున అడ్డగింతువా? నా గురుదేవుని యెదుట నన్ను తలవంచుకొని నిలువజేతువా?" అని అతడు గర్జించెను.

క్రింద, తలుపులు బిగించి ఊరగాయ జాడీలపై దర్భలు పరచుచున్న వాసవాంబ చెవిని ఆ రణనాదము సోకెను.

"ఎవురితోరా కొట్లాడతా వుండావు? గ్రహణం పట్టినాక ఈ మొట్టమాడి మిద్దె మింద వుండకూడదు. దిగిరా నాయనా."

"మూత రాలేదత్తా."

"యాడి మూత?"

"దుర్భిణీ మూత. ఇది రాకపోతే మా సారు ముందర ఏం మొగం పెట్టుకొని నిలబడేది?"

పుట్టి బుద్ధెరిగినది మొదలు గ్రహణవేళ గడప దాటి ఎరుగని ఆ సాధ్వీమణి మెట్ల మొదట క్షణకాలము తటపటాయించి, కొంగు ముక్కుదాకా లాగి, చూపు నేలకు దించి, మిద్దె ఎక్కెను.

"నేను మింద చూసేది లేదు. ఇదిగో, గొట్టం నేను పట్టుకుంటా. నువ్వు తిప్పప్పా."

అంతట అత్త గొట్టమును ఎదకదిమి పిట్టగోడకు పాదములు తన్నిపట్టగా, మేనల్లుడు పండ్లు బిగించి, కన్నులు మూసి, సర్వశక్తులు వ్రేళ్ల కొనలకు తెచ్చి మెలిపెట్టగా, 'టప్పు'మను నాదముతో ఇద్దరును చెరొకవైపు వెల్లకిల పడిరి. మూత దొర్లి దొర్లి వీధిలో పడెను.

జయరామ యంత్రమును సూర్యునివైపు త్రిప్పి, దాని వెనుకకొనకు ఎదురుగా కాగితము పరచెను. తెల్లకాగితముపై, కొరికిన అప్పచ్చివలె, నెలవంకయైన సూర్యుడు వాలెను.

కొంగుచాటు నుండి వాసవాంబ అడిగెను: "కాగితం చూస్తే దోసమారా?"

"కాగితానికేం దోషమత్తా."

"అట్లయితే గాలికి ఎగరకుండా నేను పట్టుకుంటా. నువ్వు గీసుకో."

ఇట్లు, సకల భూమండలము ఆకాశమువైపు తలయెత్తిన ఆ మహాపర్వమున, తిరుత్తణిలో ఒక మూత వచ్చెను.