కొలత నిలబడేదాకా ఆగండి

బరువు తగ్గుతున్నవాళ్ళు వ్యాయామానికి కొత్త బట్టలు ఎప్పుడు కొనుక్కోవాలి? అయిదు కిలోలు తగ్గాకా, పది తగ్గాకా? మా విజయవాడలో పార్కు బెంచీల మీదా, టిఫిన్ సెంటర్ల ముందూ ఈ మధ్య ఇదే చర్చ. పాఠకులకు శ్రమ లేకుండా నేను ఒక్క ముక్కలో తేల్చేస్తున్నాను. ఎప్పుడూ కొనకూడదు!

కోప్పడకండి. వదులు బట్టలంత వరం ఇంకొకటి లేదు. మే నెల విజయవాడలో గాలాడే చోటు అవి తప్ప ఇంకెక్కడుంది? పైగా జారిపోయే పాంటు మనిషిని సదా జాగ్రత్తగా ఉంచుతుంది. ఒక చెయ్యి దాన్ని పట్టుకోవడానికే సరిపోతుంది కాబట్టి దారిలో పునుగుల పొట్లం విప్పడం కుదరదు. సగం డైటింగ్ అక్కడే అయిపోలేదూ!

నమ్మకం కుదరకపోతే వెంకటరావమ్మ గారి సంగతి వినండి.

ఆవిడ వయసు యాభై రెండు. వన్ టౌన్‌లో ముప్ఫై ఏళ్ళుగా బట్టల కొట్టు నడుపుతున్న ఆదిశేషయ్య గారి భార్య. పుట్టిల్లూ అత్తిల్లూ రెండూ మగ్గం మీద బతికిన ఇళ్ళే. పోయినేడు డాక్టరు గారు షుగరు బోర్డర్లో ఉందని, రోజూ నడవాలని చెప్పారు. అప్పటికి ఆవిడ ఎనభై రెండు కిలోలు. నాలుగు రోజులు చీరతోనే నడిచారు గానీ కుచ్చిళ్ళు కాళ్ళకు అడ్డం పడ్డాయి. ఇబ్రహీంపట్నంలో టీచరు పని చేస్తున్న కూతురు జ్యోతిర్మయి అది విని, ఒక ట్రాక్ పాంటు, రెండు కుర్తీలు తెచ్చిచ్చింది. అవి ఒంటికి అతికినట్టు సరిపోయాయి.

ఆ తరవాత ఎనిమిది నెలల్లో ఆవిడ ఒక్కరోజు నాగా పెట్టలేదు. పదమూడు కిలోలు తగ్గారు. పాంటు మాత్రం పాత కొలతలోనే ఉండిపోయింది.

"ఏవండీ, వేరే పాంటు ఒకటి కావాలి" అని ఆవిడ మొదటిసారి అడిగింది నాలుగో కిలో తగ్గినప్పుడు. ఆదిశేషయ్య గారు మెడలో టేపు తీసి ఆవిడ నడుము కొలిచి, గంభీరంగా తల ఊపారు.

"ఇంకా తగ్గుతున్నావు కదా. కొలత నిలబడనీ. కదిలే కొలతకి కత్తెర పెట్టకూడదని మా నాన్న చెప్పేవాడు."

ఆహా, ఏం మాట! దీన్ని బంగారు అక్షరాలతో ప్రతి జిమ్ము గోడ మీదా రాయించాలి. తగ్గుతున్నంత కాలం బట్టలు రావు. బట్టలు రావాలంటే తగ్గడం మానాలి. ఇంత కట్టుదిట్టమైన ఏర్పాటు ఏ ప్రభుత్వం చేయగలదు చెప్పండి?

నెలనెలా మొదటి శుక్రవారం ఆయన కొలిచేవారు. నెలనెలా కొలత కదిలిపోతూ ఉండేది. పదకొండో కిలో దగ్గర ఆయన వాదం కాస్త పక్కకు తిరిగింది.

"మళ్ళీ ఒళ్ళు చేస్తే ఏం చేస్తావు? అప్పుడా కొత్తవి పట్టవు. స్టీలు సామాన్లవాడు కూడా వాటికి చెంచా ఇవ్వడు."

అంటే తగ్గుతుంది కాబట్టి కొనకూడదు, పెరుగుతుందేమో కాబట్టీ కొనకూడదు. ఆలోచిస్తే ఇందులో తప్పేముంది? భార్య మంచి కోసమే ఆయన చెప్పారు. ఆయనే అన్నారు ఆ మాట.

ఈలోపు పాంటు ఎలాస్టిక్ ప్రాణం విడిచింది. వెంకటరావమ్మ గారు నడుము దగ్గర పిన్నీసు పెట్టారు. తరవాత ఇంకోటి. ఇప్పుడు అయిదు. వెయింగ్ మిషన్ల మీద డబ్బు తగలేసేవాళ్ళు గమనించాలి, పిన్నీసులు లెక్కపెట్టుకుంటే బరువు దానంతటదే తెలిసిపోతుంది. ఒకటి ఊడి గుచ్చుకుంటే నడక వేగం కూడా పెరుగుతుంది.

దీనికి విరుద్ధంగా ముందే కొన్నవాళ్ళ గతి ఏమైందో కూడా చూడాలి కదా. ఆవిడ కొడుకు సాయిగణేష్ బెంజ్ సర్కిల్ దగ్గర జిమ్ములో చేరకముందే నాలుగు టీషర్టులు, మూడు షార్టులు, బూట్లు, మణికట్టుకి పట్టీ, ఇంత పొడుగు నీళ్ళ సీసా కొన్నాడు. కొలత సంగతి అతణ్ణి ఎవరూ అడగలేదు. పదకొండు రోజులు వెళ్ళాడు. ఇప్పుడా షార్టులు కర్రీ పాయింటుకి వెళ్ళేటప్పుడు వేసుకుంటున్నాడు, వాటి రుణం అలా తీరుతోంది.

వదులు బట్టలవల్ల ఆదరణ కూడా పెరుగుతుంది. మైలవరంలో పెళ్ళికి వెళ్తే, భుజాల మీంచి జారుతున్న జాకెట్టు చూసి ఆడపడుచు కంగారుపడింది. "ఏంటి వదినా ఇలా చిక్కిపోయావు? ఒంట్లో బాగోలేదా? అన్నయ్య ఎక్కడా చూపించట్లేదా?" అని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. పెళ్ళివారు ముగ్గురు ఆవిడ విస్తట్లో లడ్డూలు వడ్డించారు. సరైన జాకెట్టు తొడుక్కుని వెళ్తే ఇంత ప్రేమ దక్కేదా?

అసలు తప్పు ఆ జాకెట్టుదీ కాదు. మన దర్జీలు లోపల రెండించీల గుడ్డ మడిచి ఉంచుతారు, రేపు మనిషి పెరిగితే విప్పడానికి. మనిషి తగ్గుతుందని మన వైపు ఎవరు మాత్రం ఊహించారు?

ఇంతవరకూ అంతా సవ్యంగానే ఉంది. పాడుచేసింది రూతు గారు.

రూతు గారు రిటైరైన నర్సు, గ్రౌండులో వెంకటరావమ్మ గారి నడక స్నేహితురాలు. కుండబద్దలు కొట్టినట్టు మాట్లాడతారు. "రెండు చేతులూ ఊపాలండీ వెంకటరావమ్మ గారూ. ఒక చెయ్యి నడుముకి అంటించుకుని నడిస్తే అదేం నడక?" అని రోజూ పోరేవారు. ఆవిడ నవ్వి ఊరుకునేవారు, చెయ్యి తీస్తే ఏమవుతుందో ఆవిడకు తెలుసు కాబట్టి.

వాకర్స్ సంఘంవాళ్ళు యాభై దాటిన ఆడవాళ్ళకి మూడు కిలోమీటర్ల నడక పోటీ పెట్టారు. రూతు గారు అడగకుండానే వెంకటరావమ్మ గారి పేరు ఇచ్చేశారు. పోటీ అన్నదాంట్లో ఆవిడ పేరు ఎక్కడం జీవితంలో అదే మొదటిసారి. బోర్డు మీద తన పేరు రెండుసార్లు చదువుకున్నారు. పైకి "నాకెందుకండీ ఇవన్నీ" అన్నారు గానీ, ఇంటికి వెళ్ళేదాకా ఆవిడ మనసులో ఒకటే కోరిక. ఆ మూడు కిలోమీటర్లు రెండు చేతులూ ఊపుకుంటూ నడవాలి.

పోటీ ఆదివారం. శుక్రవారం మధ్యాహ్నం ఆవిడే క్యారేజీ పట్టుకుని కొట్టుకి వెళ్ళారు. చీరలు పరిచి ఉన్న తెల్ల పరుపు మీద నలుగురు ఆడవాళ్ళు బేరాల్లో ఉన్నారు. ఆవిడ పోటీ సంగతి చెప్పి పాంటు అడిగారు. ఆదిశేషయ్య గారు టేపు తీశారు.

"ముప్పావించీ దిగింది. ఆదివారానికి ఎక్కడ నిలబడుతుంది? ఈసారికి పిన్నీసులతో కానిచ్చెయ్."

అప్పుడే వరండాలో మిషను పెట్టుకున్న దర్జీ యేసుకుమార్ నాలుగు పాంట్లు చేతి మీద వేసుకుని లోపలికి వచ్చాడు.

"షావుకారు గారూ, మీవి అయిపోయాయండి. ఒకసారి వేసి చూసుకోండి."

వెంకటరావమ్మ గారు ఒక పాంటు అందుకుని నడుము దగ్గర తడిమి చూశారు. ఈ మధ్య వస్తున్న సాగే గుడ్డ.

"నడుము ఎంత పెట్టావు నాయనా?"

"నలభై నాలుగండి అమ్మగారూ. ఉగాదికి కుట్టినవి నలభై రెండుంపావు. అంతకుముందు దసరాకి నలభయ్యొకటండి."

"మరి సారుగారి కొలత నిలబడేదాకా ఆగకపోయావా?"

యేసుకుమార్ నవ్వేశాడు. "సారుగారి కొలత కోసం ఆగితే నేను మిషను అమ్ముకోవాలండి."

పరుపు మీద ఆడవాళ్ళు బేరం ఆపేశారు. ఆవిడకు కోపం రాలేదు. వచ్చిన దాన్ని కోపం అనడానికి లేదు, ఒళ్ళంతా సిగ్గుతో వేడెక్కింది. ఎనిమిది నెలలు ఈయన ముందు నిలబడి నడుము కొలిపించుకున్నాను కదా అని తన మీద తనకే సిగ్గేసింది.

"ఇది నా కొలతకి దించు నాయనా. నడుముకి ఎలాస్టిక్ వెయ్యి. రేపటికి కావాలి."

యేసుకుమార్ షావుకారు వైపు చూశాడు. ఆదిశేషయ్య గారు నోరు తెరిచారు. తండ్రి గారి సూక్తి నాలుక చివరిదాకా వచ్చింది. ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం కనపడింది. ఆయన నోరు మూసుకుని, "అమ్మగారు చెప్పినట్టు చెయ్యి" అన్నారు.

ఆదివారం పొద్దున ఆరింటికి ఈల వేశారు. మొదటి రౌండంతా ఆవిడ కుడిచెయ్యి అలవాటుకొద్దీ నడుముకే వెళ్ళింది. అక్కడ పట్టుకోవడానికేమీ లేదు. రెండో రౌండులో చెయ్యి వదిలేశారు. రెండు చేతులూ గాలిలో ఊగుతుంటే కాళ్ళు వాటంతటవే పడ్డాయి. ఇంత తేలికా నడవడం? సంతోషం పట్టలేకపోయారు, దాని వెనకే ఏడుపు కూడా వచ్చింది. ఇన్నాళ్ళూ ఒంటిచేత్తో నడిచారు మరి. ఏడుస్తూనే ముగ్గురిని దాటారు.

నాలుగో స్థానం వచ్చింది. బహుమతులు మూడే.

చూడ్డానికి వచ్చిన ఆదిశేషయ్య గారు మంచినీళ్ళ సీసా అందించి, పాంటు వైపు పరీక్షగా చూశారు.

"బాగానే కుదిరింది. ఇక తగ్గడం ఆపుతావు కదా?"

"లేదండీ. ఇంకా తగ్గుతా" అన్నారు ఆవిడ, నీళ్ళు తాగి. "అప్పుడు ఇంకోటి కుట్టించుకుంటా. ఆ తరవాత ఇంకోటి."

చూశారా పాఠకులారా, ఒక పాంటు ఎంత పని చేసిందో! అందుకే కొనకూడదని మొదటే మొత్తుకున్నాను. ఈ రోగం అంటుకుంటే రేపు మీ ఇంట్లోనూ ఎవరో రెండు చేతులూ ఊపుకుంటూ నడుస్తారు. దీనిమీద ఇంకా చాలా రాయొచ్చు గానీ టైము లేదు, యేసుకుమార్ మిషను కట్టేసేలోపు వెళ్ళాలి. పోయిన నెల కుట్టించిన పాంట్లు రెండూ నాకు బిగుతైపోయాయి. మనిషి మంచివాడు. లోపలి గుడ్డ విప్పి వదులు చేసిస్తాడు, ఎందుకని ఒక్క మాట అడగడు.