గరిటె సిగ్నలు

ఏడున్నరకల్లా బండి కదలాలి, పన్నెండులోగా సముద్రం చేరాలి. ఆ ఉదయం గార్డుగారి పథకం అంతే, అందులో ఏ మెలికా లేదు.

గార్డుగారు రైల్వేలో రిటైరయ్యారు. ఆయన భార్య లెక్కల టీచరుగా రిటైరయింది. మంచం, పొయ్యి, సింకు అన్నీ ఉన్న క్యారవాన్ ఒకటి కొనుక్కుని, నదుల వెంటా సముద్రాల వెంటా, అలాంటి బండ్లు నిలుపుకునే పార్కు పార్కుకీ తిరుగుతున్నారు. వంటింటి కిటికీలోంచి సముద్రం చూడాలని టీచరమ్మకు పెళ్ళైన కొత్తల్లోనే కోరిక పుట్టింది. "వచ్చే ఏడు తప్పకుండా" అంటూ ఈయన ముప్పైమూడేళ్ళు నెట్టుకొచ్చారు. ఇప్పటికి సముద్రతీరపు పార్కులో ఒకటో నంబరు చోటు దొరికింది. దానికీ నీళ్ళకీ మధ్య ఇసుక తప్ప ఇంకేమీ లేదు. చోటు ఆవిడ పేరనే రాయించారు. ఆవిడ పన్నెండులోగా వచ్చి సంతకం పెట్టకపోతే అది వేరేవాళ్ళకి వెళ్ళిపోతుంది.

ఇంత మంచి రోజుకి ముందు రోజే చిన్న యుద్ధం జరిగింది. నదిఒడ్డు పార్కులో బండి వెనక్కి తీస్తుండగా ఆవిడ "కుడికి, కుడికి" అని అరిచింది. ఈయన ఎడమకి తిప్పి, కుళాయిని గుద్ది, "నువ్వు సరిగ్గా చెప్పలేదు" అన్నారు. అంతే. "సముద్రం కనబడేదాకా మీతో మాట్లాడితే ఒట్టు" అని టీచరమ్మ నోటికి తాళం వేసేసింది.

మాటలు లేకపోయినా బండి కదలడానికి ఇబ్బంది లేదు. దానికి వేరే ఏర్పాటుంది. ముప్పైఅయిదేళ్ళు వెనక పెట్టెలో నుంచుని పచ్చజెండా ఊపిన మనిషి కాబట్టి, వెనకనుంచి సిగ్నలు రానిదే గార్డుగారు బ్రేకు మీంచి కాలు తీయరు. స్టీరింగు దగ్గర కూర్చుంటే తెర అడ్డం, వెనకేం జరుగుతోందో కనబడదు. అందుకని సామాన్లన్నీ సర్దాక టీచరమ్మ గరిటెతో సింకు మీద రెండుసార్లు కొడుతుంది. టక్ టక్ అంటే బయల్దేరొచ్చని.

ఆ ఉదయం ఏడూ ఇరవైతొమ్మిదికి ఇంజను స్టార్టయింది. బండి ఒళ్ళు జలదరించింది. కొక్కేనికి వేలాడుతున్న గరిటె ఊగి సింకుకి తగిలింది, టక్ టక్. గార్డుగారు సంతోషంగా బండి తీశారు. టీచరమ్మ అప్పటికి బండి వెనకాల, చెట్టుకీ బండి నిచ్చెనకీ మధ్య కట్టిన తాడుమీంచి బట్టలు తీస్తోంది. చేతిలో మూడు తువ్వాళ్ళు మిగిలాయి. తాడూ మిగతా బట్టలూ బండితో వెళ్ళిపోయాయి.

రోడ్డెక్కగానే గార్డుగారికి లోకం చాలా మంచిదనిపించింది. పక్కనుంచి వెళ్ళే కార్లవాళ్ళు హారన్లు కొడుతున్నారు, చేతులు ఊపుతున్నారు, పిల్లలు విరగబడి నవ్వుతున్నారు. క్యారవాన్‌కి ఇంత గౌరవం ఉంటుందని ఆయన అనుకోలేదు. మర్యాదగా అందరికీ చెయ్యి ఊపారు. వెనకాల తాడుకి దుప్పటీ, రెండు చొక్కాలూ, ఆయన చారల పైజమా గాల్లో ఈదుతూ వస్తున్నాయి.

"ఏమోయ్, చూశావా, జనం ఎలా ఊపుతున్నారో!" అన్నారు తెరవైపు తల తిప్పి. జవాబు లేదు. ఒట్టు గుర్తొచ్చి ఆయన మనసు మెత్తబడింది. "నిన్న తప్పు నాదేలే. నువ్వు కుడికనే చెప్పావు. క్షమించావా?"

రోడ్డు మీద గుంత. టక్ టక్.

గార్డుగారికి ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. మన్నింపు ఇంత చవగ్గా దొరుకుతుంటే ఎవరాగుతారు? "పనిలో పని, ఇంకోటి కూడా చెప్పేస్తా. నీ గాజు కూజా పగలగొట్టింది పిల్లి కాదు, నేనే."

టక్ టక్.

"మీ తమ్ముడి పెళ్ళికి డ్యూటీ ఉందని రాలేదు చూడు... డ్యూటీ లేదు. ఇంట్లో నిద్రపోయా."

ఈసారి రోడ్డు మరీ అధ్వాన్నంగా ఉంది. టక్ టక్ టక్ టక్ టక్.

"అంత కోపమొద్దోయ్" అని వేగం తగ్గించారు. గరిటె కూడా శాంతించింది.

పదిన్నరకి మోటారుసైకిల్ మీద ఒక పోలీసు వచ్చి బండి ఆపించాడు.

"ఏంటి సార్, ఊరేగింపా? ఆ బట్టలేంటి?"

గార్డుగారు దిగి పైజమాని చూసి గబగబా తాడు చుట్టబోయారు. "మా ఆవిడ తీసే ఉంటుందనుకున్నానండీ. లోపలే ఉంది."

పోలీసు కిటికీ తట్టాడు. "అమ్మా! ఒకసారి బయటికి రండమ్మా!"

"మాట్లాడదండీ" అన్నారు గార్డుగారు గొంతు తగ్గించి. "సముద్రం వచ్చేదాకా మాట్లాడదు."

పోలీసు ఆయన్ని కిందనుంచి పైదాకా చూశాడు. "తలుపు తీయండి."

తలుపు తీశారు. మంచం మీద దుప్పటి లేదు. అల్మరాలో ఆవిడ ఫోను ఉంది. సింకు పైన గరిటె ఊగుతోంది. గార్డుగారు బాత్రూము చూశారు, మంచం కింద చూశారు, కంగారులో ఫ్రిజ్ కూడా తెరిచి చూశారు. తర్వాత మెట్టు మీద కూలబడిపోయారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ప్లాట్‌ఫాం మీద ఒక్క ప్రయాణికుణ్ణి వదిలి బండి కదిలించని మనిషి, కట్టుకున్న మనిషిని నదిఒడ్డున వదిలేసి వచ్చారు.

ఆ దారంతా ఫోన్లకి సిగ్నలు లేదు. చోటు సంగతంతా విని పోలీసు జాలిపడ్డాడు. "సముద్రం ఇంకో గంటే సార్. ఆవిడే ఎవరి బండైనా ఎక్కి వస్తారేమో. మీరు వెనక్కి వెళ్ళి తీసుకొచ్చేసరికి పన్నెండు దాటి మీ చోటు పోతుంది."

"ఆవిడ లేకుండా ఆ చోటు నాకెందుకండీ!" అన్నారు గార్డుగారు. కళ్ళనీళ్ళు తుడుచుకుని, బండి తిప్పి, వచ్చిన దారినే పరుగు తీయించారు.

నదిఒడ్డున టీచరమ్మ లేదు. "ఆవిడా? మీరు వెళ్ళిన పావుగంటకే పళ్ళ డాక్టరుగారి క్యారవాన్ ఎక్కేశారు. వాళ్ళూ సముద్రానికే" అన్నాడు తోటమాలి, విరిగిన కుళాయి బిగించుకుంటూ.

సాయంత్రం ఆరింటికి గార్డుగారు సముద్రతీరం చేరారు. ఒకటో నంబరు చోట, అరువు కుర్చీలో, అరువు టోపీతో టీచరమ్మ కూర్చుని ఉంది. ఎదురుగా సముద్రమంతా పరుచుకుని ఉంది. ఆవిడ మొహం వెలిగిపోతోంది. ఆవిణ్ణి చూడగానే ఆయనకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"పన్నెండుకి పది నిమిషాల ముందే సంతకం పెట్టేశా" అంది. సముద్రం కనబడింది కాబట్టి ఒట్టు తీరిపోయింది. "దారిలో మీరు ఎదురొచ్చారు కూడాను. డాక్టరుగారి బండిలోంచి చెయ్యి ఊపా. మీరూ ఊపారు!"

"ఎవరో ఊపుతున్నారని ఊపానే..."

"ఏడుస్తూ ఊపారు" అని పకపకా నవ్వింది. తర్వాత మెత్తగా ఆయన చెయ్యి పట్టుకుంది. "నాకోసం వెనక్కి వెళ్ళారు కదూ? పొద్దున్నంతా ఒక్కరే ఏం చేశారు పాపం?"

"ఏం చేస్తాను, ఊరికే కూర్చున్నా" అన్నారు గార్డుగారు. ఒకసారి దొరికిన మన్నింపు మళ్ళీ అడగడం బాగుండదని ఆయనకి తోచింది.

బండి లోపలికి తేబోతుంటే పార్కు గుమాస్తా అడ్డం వచ్చాడు. "ఈ చోటు అమ్మగారిదండీ. ఆవిడ వచ్చి చేరిపోయారు. మీరు లోపలికి రావాలంటే ఆవిడ హామీ కావాలి" అంటూ ఒక ఫారం ఇచ్చాడు. అందులో వచ్చినవారి పేరు, వయసు, చోటు గలవారితో సంబంధం రాయాలి.

పేరూ వయసూ టీచరమ్మ చకచకా నింపింది. సంబంధం అన్న చోట కలం ఆపి, భర్తని ఒకసారి ఎగాదిగా చూసి, గుండ్రటి అక్షరాలతో 'డ్రైవరు' అని రాసింది.